అంకారావు గారి బి.ఏ. పట్టా

కాలేజీ డిగ్రీ వల్ల మనిషి జీవితానికి ఇప్పుడు గాని, ఎప్పటికైనా గాని ఏ ప్రయోజనమూ లేదని తాలూకా పార్టీ కమిటీ అధ్యక్షులు శ్రీ అంకారావు గారు 1947 సెప్టెంబరు రెండో ఆదివారం సాయంత్రం నరసరావుపేటలో బహిరంగ సభ పెట్టి ప్రకటించారు. ఆ మేరకు తీర్మానం ప్రవేశపెడితే ఏకగ్రీవంగా నెగ్గింది. సభలో డిగ్రీ ఉన్నవాడు ఒక్కడూ లేడు గనుక ఎవరికీ అభ్యంతరం కలగలేదు.

నేను ఆ సభలో వేదికకు కుడిపక్క బెంచీమీద ఉన్నాను. మద్రాసు నుంచి వచ్చే ఒక తెలుగు దినపత్రికకు పల్నాడు విలేఖరిని. ఈ ప్రాంతంలో ఎక్కడ కల్వర్టు కూలినా, ఎక్కడ పెద్దమనిషి లేచినా రాసి పంపడం నా వృత్తి. పదిహేనేళ్ళలో నాకు తెలిసిందేమిటంటే, కూలిన కల్వర్టు గురించి రాస్తే ఎవరూ కాఫీ ఇవ్వరు.

అంకారావు గారి ఉపన్యాసానికి ఉదాహరణలు బయటినుంచి తెచ్చుకోవలసిన అవసరం ఉండదు. ఆయన జీవితమే ఆయనకు ఉదాహరణ. హైస్కూల్లో నాలుగో ఫారం మూడుసార్లు తప్పారు. ఇవాళ రెండు జిన్నింగు మిల్లులు, ఒక నూనె మిల్లు, ఒక ఫోర్డు కారు ఉన్నాయి. ఆ సంగతి సభకు గుర్తుచేసి, "మా మిల్లు గుమాస్తా ఇంటర్మీడియెట్ పాసయ్యాడు. పొద్దున్నే వచ్చి నాకు నమస్కారం పెడతాడు. ఇంటర్మీడియెట్‌కి నేను నమస్కారం పెట్టంగా మీలో ఎవురన్నా చూశారా?" అని అడిగారు. చూసినవాళ్ళు లేరు. ఆ గుమాస్తా కూడా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఈ ప్రకటనకు వెనక ఒక చిన్న అవసరం ఉంది. అది చెప్పకపోతే ఆయన గొప్పతనం పాఠకులకు పూర్తిగా అందదు.

మద్రాసు ప్రభుత్వం 'పల్నాడు విద్యా పునర్నిర్మాణ సమితి' అని ఒకటి పెట్టబోతున్నదని కబురు వచ్చింది. సమితికి ఒక అధ్యక్షుడు, అధ్యక్షుడికి ఒక బంగళా, కారుకు రేషను లేకుండా పెట్రోలు. ఆ పదవి త్యాగధనులకే ఇస్తారట. అంకారావు గారికి ధనం ఉంది. త్యాగం విషయంలోనే కొంచెం వెనకబడ్డారు. అది ఆయన తప్పు కాదు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆయనకు రక్తపు పోటు వచ్చి డాక్టరు ఉప్పు ముట్టుకోవద్దన్నాడు. నలభై రెండు ఉద్యమం నాటికి ఆయన మిలిటరీ వాళ్ళకు గడ్డి సప్లయి చేస్తామని మాట ఇచ్చి ఉన్నారు. ఆడిన మాట తప్పే మనిషి కాదు. ఆ విధంగా దేశానికి స్వాతంత్ర్యం ఆయన ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

సభ అయిన మర్నాడు నన్ను మిల్లు ఆఫీసుకు పిలిపించారు. తీర్మానం బాగానే ఉంది గాని కంటికి కనిపించే పని ఏదన్నా ఉండాలన్నారు. వెనకటి వాళ్ళు సీమ గుడ్డలన్నీ కాల్చేశారని, తనకు కాల్చడానికి ఏమీ మిగల్చలేదని బాధపడ్డారు.

డిగ్రీ ఉంది గదండీ అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. అంతకుముందు ఎప్పుడూ అట్లా చూడలేదు. తరవాత కాఫీ తెప్పించారు.

అయితే కాల్చడానికి ఒక డిగ్రీ కావాలి. ఆయన దగ్గర లేదు. లేనిదాన్ని త్యాగం చేయడం ఎంత గొప్పవాడికైనా కష్టమే. ఊళ్ళో ఉన్న ప్లీడర్లను అడిగించారు. పట్టా కాల్చితే జడ్జీ గారు ప్రాక్టీసు సాగనివ్వరేమోనని వాళ్ళు సందేహించారు. హైస్కూలు హెడ్మాస్టరు గారు తన పట్టా పాత రికార్డుల బీరువాలో ఉందని, బీరువా తాళం వెతికిస్తున్నానని చెప్పారు. ఇప్పటికీ వెతికిస్తున్నారు. డిగ్రీ వల్ల ప్రయోజనం లేదని ఒప్పుకున్నవాళ్ళలో దాన్ని వదులుకోవడానికి ఒక్కరూ దొరకలేదు.

అప్పుడు ఎవరో కృపావరం పేరు చెప్పారు.

కృపావరం రొంపిచెర్ల దాపున ఒక పల్లె మాలపేట పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి సువార్తమ్మ మిరపతోటల్లో కలుపు తీసి, శనక్కాయలు పీకి, పాదిరి గారి సాయంతో గుంటూరులో చదివించింది. ఆ చుట్టుపక్కల ఏ పేటలోనూ అతనికి ముందు బి.ఏ. లేదు. పట్టా తీసుకుని రెండేళ్ళయింది. ముప్పై ఒక్క ఆఫీసులకు అర్జీలు పెట్టాడు. కొన్ని చోట్ల ఖాళీలు లేవన్నారు. కొన్ని చోట్ల ఉన్నాయని, ఇంటిపేరు, ఊరు అడిగి, ఆ తరవాత లేవన్నారు. ప్రస్తుతం రేషను కార్డుల మీద పేర్లు రాసే పనిలో, పని ఉన్న రోజుల్లో ఉంటున్నాడు. అతని దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది.

అంకారావు గారు స్వయంగా వెళ్ళారు. నన్ను వెంట తీసుకువెళ్ళారు. ఆ పేటకు కారు రావడం అదే మొదలు. కారు దిగి గుడిసె ముంగిట దాకా నడిచి వెళ్ళారు. లోపలికి రమ్మంటే, ఇల్లు చిన్నది, ఇబ్బంది పెట్టడం ఎందుకని ఎండలోనే నిలబడ్డారు. మంచం తెచ్చి వేస్తే దాని మీద తుండుగుడ్డ పరిపించి, దాని మీద కూడా కూర్చోలేదు. ఎవరికీ శ్రమ ఇవ్వని స్వభావం.

"ఏమయ్యా కృపావరం, ఈ రెండేళ్ళలో ఆ కాగితం నీకేమన్నా పెట్టిందా?" అని అడిగారు.

లేదని కృపావరం ఒప్పుకున్నాడు. అంకారావు గారు సమితి సంగతి చెప్పారు. సమితి కింద పన్నెండు మంది సూపర్‌వైజర్లు ఉంటారు. దేశం కోసం పట్టా ఇచ్చినవాడికి మొదటి పోస్టు. అధ్యక్షుడుగా తాను మాట ఇస్తున్నానన్నారు. అప్పటికి ఆయన అధ్యక్షుడు కాలేదు గాని మాట మాత్రం ముందే ఇచ్చారు.

కృపావరం ఆలోచించాడు. ఆలోచించడం అతనికి కాలేజీలో అంటిన అలవాటు. ఉన్న పట్టా ఉద్యోగం ఇవ్వడం లేదు, కాలిన పట్టా ఇస్తుందంటున్నారు, ఉంచుకుని ఏం చేయాలి అని తల్లితో మెల్లగా అన్నాడు.

సువార్తమ్మ లోపలికి వెళ్ళి పట్టా తెచ్చింది. పెద్ద బైబిలు అడుగున పెట్టి ఉంచిందట, మడత పడకుండా. కొడుక్కి వెంటనే ఇవ్వలేదు.

"అయ్యగారూ, ఇది వచ్చిన కాడినుంచి కరణం గారు మావాణ్ణి ఒరేయ్ అనటంలా. ఏమయ్యా అంటన్నారు. ఉద్యోగం లేకపోయినా నాకు ఆ మాట చానా అయింది. దీన్ని కాల్చినాక కూడా అట్టాగే అంటారా?"

అంకారావు గారు నవ్వి, కరణం కాదు కలెక్టరే లేచి నిలబడతాడన్నారు. ఆమె పట్టాను కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఆ శుక్రవారం సాయంత్రం పట్టా దహనం జరిగింది. నాలుగు వందల మంది వచ్చారు. ఫోటోగ్రాఫరు సుభానీ తన స్టూడియో కెమెరా మోసుకొచ్చి వేదిక ముందు మూడు కాళ్ళమీద నిలబెట్టాడు. కృపావరం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, తన పట్టా తన చేత్తోనే మంటలో వేస్తానని ముందే అనుకున్న ప్రకారం నిలబడ్డాడు. కాని ఆ క్షణంలో అంకారావు గారికి ఆవేశం పొంగింది. పట్టాను అతని చేతిలోనుంచి అందుకుని తానే పైకెత్తి పట్టుకున్నారు. 'ఇదిగో బానిసత్వం' అని చూపించారు. అది దళసరి కాగితం కావడం వల్ల బానిసత్వం తొందరగా అంటుకోలేదు. రేషను కిరసనాయిలు ఒక సీసా తెప్పించి తడిపారు. అప్పుడు ఒక్కసారి భగ్గున లేచింది. వదిలిపెట్టేలోపల ఆయన బొటనవేలు కాలి బొబ్బ తేలింది. ఉద్యమాలన్నింటిలోనూ అంకారావు గారి శరీరానికి తగిలిన దెబ్బ అది ఒక్కటే. ఆ వేలికి నెల రోజులు కట్టు విప్పలేదు.

కృపావరం మంట ఆరేదాకా కదలలేదని సుభానీ తరవాత చెప్పాడు. నేను చూడలేదు. వార్త పంపడానికి తంతి ఆఫీసుకు పరిగెత్తాను.

తంతిలో తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో పంపుతారు, మాటకు ఇంత అని తీసుకుంటారు. పత్రికవాళ్ళు క్లుప్తంగా పంపమని నాకు ఎప్పుడూ రాస్తుంటారు. 'అంకారావు కృపావరం బి.ఏ. పట్టా సభలో దహనం' అని రాసి, చదివి, ఎక్కువైందనిపించి ఒక్క మాట కొట్టేశాను. ఆ మాట కృపావరం.

మూడో రోజు పత్రిక వచ్చింది. 'అంకారావు గారి మహాత్యాగం. బి.ఏ. పట్టా అగ్నికి ఆహుతి' అని రెండు కాలమ్‌ల శీర్షిక. మద్రాసు ఉపసంపాదకుడు భాష తెలిసినవాడు. ఏళ్ళ తరబడి రాత్రింబగళ్ళు చదివి సంపాదించిన పట్టాను గడ్డిపోచలా విసిరేశారని తన వంతు చేర్చాడు. ఫోటో కూడా వేశారు. ఒక కాలమ్ వెడల్పే చోటు ఉండడం వల్ల అంకారావు గారు, మంట పట్టారు. కృపావరం మోచెయ్యి దాకా పట్టాడు.

నేను పత్రిక పట్టుకుని మిల్లుకు వెళ్ళేసరికి అంకారావు గారు అప్పటికే రెండుసార్లు చదివించుకుని ఉన్నారు. ఆయన ముఖంలో కొంచెం కలవరం ఉందన్న మాట నిజం.

"ఇదేంది రిపోర్టరూ, నాదని రాశారు."

సవరణ పంపమంటారా అని అడిగాను. ఆయన కట్టు కట్టిన వేలు వైపు చూసుకుంటూ కూర్చున్నారు.

"పత్రిక అబద్ధం రాస్తదా?"

రాయదన్నాను.

"మరి దాన్ని నేను అబద్ధం చెయ్యటం పాపం గదా" అన్నారు.

అంత సున్నితమైన మనస్సాక్షిని నేను పల్నాడులో మరెక్కడా చూడలేదు.

ఆ తరవాత సంగతులు వాటంతట అవే నడిచాయి. ఊరివాళ్ళు దండలు తెచ్చారు. హెడ్మాస్టరు గారు వచ్చి, తన చేతికింద నాలుగో ఫారం తప్పిన కుర్రవాడు ప్రైవేటుగా కట్టి ఇంతవాడవుతాడని అప్పుడే అనుకున్నానన్నారు. అంకారావు గారి భార్య ధనలక్ష్మి గారు ఎప్పుడు చదివారని ఆశ్చర్యపోతే, మిల్లు పని మధ్య మధ్యలో అని చెప్పారట. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా తెలియనివ్వకుండా చదివారంటే ఆయన నిరాడంబరత ఎటువంటిదో పాఠకులు ఊహించుకోవచ్చు. దసరా నాటికి మిల్లు బోర్డు మీద పేరు పక్కన బి.ఏ. అని చిన్న అక్షరాలతో వేసి, దాని కింద 'దగ్ధం' అని ఇంకా చిన్న అక్షరాలతో వేయించారు.

నవంబరులో సమితి ఉత్తర్వు వచ్చింది. అధ్యక్షుడు పట్టభద్రుడై ఉండాలని అందులో నియమం ఉంది. కాబట్టి అంకారావు గారిని నియమించారు. సూపర్‌వైజర్లు కూడా పట్టభద్రులే కావాలని ఉంది. డిగ్రీ పనికిరానిదని ఊరూరా చెప్పడం సమితి మొదటి కార్యక్రమం. ఆ సంగతి తెలిసి చెప్పాలంటే చెప్పేవాడికి డిగ్రీ ఉండవద్దా అని అధ్యక్షులు వివరించారు.

ఉత్తర్వు సంగతి విన్న రోజే కృపావరం వచ్చాడు. రొంపిచెర్ల నుంచి బస్సు ఉన్న రోజు బస్సులో, లేని రోజు నడిచి వారం పదిరోజులు సమితి ఆఫీసుకు వచ్చాడు. గుమాస్తా అర్జీ పుచ్చుకుని, పట్టా జతచేయలేదేమని అడిగాడు. కాలిపోయిందంటే, కాలినట్టు కాగితం ఉందా అని అడిగాడు. ఇది ఆ ముందు వరసలో చప్పట్లు కొట్టిన గుమాస్తాయే. మిల్లు నుంచి సమితికి మార్చారు.

కృపావరం యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. పట్టా పోయిన సంగతి కళ్ళారా చూసిన బాధ్యత గల పెద్దమనిషి సంతకం పెట్టి ధ్రువీకరిస్తే, నకలు పంపడానికి అభ్యంతరం లేదన్నారు. పట్టా కాలడం నాలుగు వందల మంది చూశారు. వాళ్ళలో బాధ్యత గల పెద్దమనుషుల దగ్గరికి వెళితే, ముందు అంకారావు గారు పెడితే ఆయన కింద మేమూ పెడతామన్నారు. నేనూ చూశాను గాని, విలేఖరిని బాధ్యత గల మనిషి కింద లెక్కవేయరు.

అందుచేత అతను అంకారావు గారి ముందుకు వెళ్ళాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. సమితి బంగళా వరండాలో ఆయన వాలు కుర్చీలో ఉన్నారు. కృపావరం మెట్ల కింద నిలబడి, రాసి తెచ్చిన కాగితం గుమాస్తా చేత పైకి పంపాడు. నాలుగే నాలుగు వాక్యాలు. ఫలానా తేదీన ఫలానా చోట ఇతని పట్టా నా సమక్షంలో కాలినది అని.

అంకారావు గారు దాన్ని చదివించుకుని మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నీది కాలిందని నేను సంతకం పెడతాను. మంచిదే. అప్పుడు నాది ఏం కాలినట్టురా?"

నిజానికి ఆ ప్రశ్నకు యూనివర్సిటీలో కూడా జవాబు దొరకదు.

"ఆ మంటలో కాలింది ఒకటే గదండీ" అన్నాడు కృపావరం.

"అదే నేను చెప్పేది. ఒకటే. దాన్ని ఇద్దరం పంచుకుంటే ఎట్టా?"

అయినా కుర్రవాడి మీద ఆయనకు కోపం రాలేదు. బుద్ధిమంతుడివి, మళ్ళీ కట్టుకో, రెండేళ్ళు ఎంతలోకి పోతయ్, ఫీజు సంగతి నేను చూస్తానన్నారు. ఆయన నోట 'ఏమయ్యా' అన్నది ఎప్పుడు 'ఒరేయ్' అయిందో నాకు గుర్తు లేదు. పల్లెలో కరణం గారు కూడా దహనం అయిన వారానికే పాత పిలుపుకు వచ్చారట. ఈ మాట కృపావరం చెప్పలేదు. వాళ్ళమ్మ కూరగాయల బజారులో సుభానీ భార్యతో చెప్పుకుంది.

వెళ్ళేముందు కృపావరం నన్ను గేటు దగ్గర ఆపాడు. పత్రికలో ఒక్క ముక్క రాయండి, జరిగింది జరిగినట్టు, మీరు చూశారు గదండీ అన్నాడు. అంకారావు గారి పేరు వేసింది తప్పని నాకు తెలుసునని, కాని పత్రిక సవరణ వేయాలంటే తప్పు వల్ల నష్టపోయిన పెద్దమనిషి ఫిర్యాదు చేయాలని చెప్పాను. అంకారావు గారు ఫిర్యాదు చేయలేదు.

"నష్టపోయింది నేను గదండీ" అన్నాడు.

నిజమే, కాని నువ్వు వార్తలో లేవు గదా అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

డిసెంబరు ఆఖరున సమితిని ప్రారంభించడానికి విద్యా పునర్నిర్మాణ మంత్రిగారు మద్రాసు నుంచి రైల్లో వచ్చారు. స్టేషను నుంచి మైదానం దాకా మామిడాకులు కట్టారు. మంత్రిగారు అంకారావు గారి చేయి పట్టుకుని వేలుమీది మచ్చను సభకు చూపించారు. ఏ కాలేజీలో చదివారని చనువుగా అడిగారు. కాల్చినదాని గురించి మళ్ళీ తలుచుకోకూడదని వ్రతం పట్టానని అంకారావు గారు జవాబిచ్చారు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ప్రయాణంలో పొగ కూడా ఎక్కువ.

సభ ముగిసి మంత్రిగారు ట్రావెలర్సు బంగళాలో అర్జీలు పుచ్చుకుంటున్నప్పుడు కృపావరం వరసలో నిలబడ్డాడు. అతని వెనక సువార్తమ్మ ఉంది. ఆమె రావడం ఎవరూ అనుకోలేదు. వంతు రాగానే అతను ఇంగ్లీషులో మొదలుపెట్టి, మంత్రిగారు తెలుగులో చెప్పమంటే తెలుగులో చెప్పాడు.

"అయ్యా, నేను బి.ఏ.ని. నా పట్టా సెప్టెంబరులో ఇక్కడి సభలో కాల్చారు. అంకారావు గారు చూశారు. ఆ మాట ఆయన రాసిస్తే చాలు."

నాయకుడంటే అటువంటప్పుడే తెలుస్తాడు. అంకారావు గారు కుర్రవాడి భుజంమీద చెయ్యి వేసి, ఆ రోజు నా పక్కన నిలబడ్డవాడండి, చానా ఉత్సాహవంతుడు అన్నారు.

మంత్రిగారికి సంతోషం వేసింది. "అయితే ఇతనిదీ కాలిందన్నమాట. అంకారావు గారూ, మీ ఒక్కరిదే అనుకున్నాను. ఆ మంటలో మొత్తం ఎంతమందివి కాలినయ్?"

అంకారావు గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"లెక్క పెట్టలేదండి."

దేశం కోసం పట్టాలు కాల్చుకున్న యువకులను పట్టుకుని సర్టిఫికెట్లు చూపమనడం అన్యాయమని మంత్రిగారు అక్కడికక్కడే అభిప్రాయపడ్డారు. ఎవరెవరివి కాలాయో అధ్యక్షులు ధ్రువీకరించి పంపితే అదే డిగ్రీ కింద చెల్లేటట్టు ఆర్డరు వేయిస్తానన్నారు. సెక్రటరీ చేత రాయించారు కూడా. సువార్తమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. కృపావరం ముఖం ఆ సాయంత్రం చూడవలసిందే. గేటు దగ్గర నాకు కనిపించి, "అయిపోయిందండీ, ఇక ఆయన పెట్టక తప్పదు" అన్నాడు. తల్లీ కొడుకూ రాత్రి బస్సుకోసం ఆగకుండా నడిచే వెళ్ళిపోయారు.

ఆర్డరు పది రోజుల్లో వచ్చింది. ప్రభుత్వం అంత వేగంగా పనిచేయడం నేను అంతకుముందు చూడలేదు.

జాబితా తయారైంది. ఆ సెప్టెంబరు మంటలో అంకారావు గారి బావమరిది బి.ఏ. కాలింది. నూనె మిల్లు మేనేజరు బి.ఏ. కాలింది. ఇంటర్మీడియెట్ పాసైన గుమాస్తాకు మిగతా రెండేళ్ళు కూడా ఆ మంటలోనే కాలాయి. గురజాల నుంచి ఒకాయన, మాచర్ల నుంచి ఇద్దరు వచ్చి, ఆ రోజు రద్దీలో వెనక నిలబడి విసిరామని చెప్పారు. మాచర్ల ఆయన ఒకరు ఎమ్.ఏ. అని రాయమన్నారు. నియమం ప్రకారం బి.ఏ. చాలునని అధ్యక్షులు ఒప్పుకోలేదు. అక్రమాలకు ఆయన దగ్గర తావు లేదు.

కృపావరం పేరు జాబితాలో లేదు. నేనే అడిగాను. అంకారావు గారు ఓపికగా చెప్పారు.

"వాడి పేరు రాస్తే, వాడు చెప్పింది నిజమై కూర్చుంటది. వాడిది నిజమైతే మిగతా వాటిని నలుగురూ తరిచి చూస్తారు. పదిమంది బతుకులు పాడుచెయ్యమంటావా ఒక్కడి కోసం?"

అయినా మాట ఇచ్చిన మనిషి గనుక కుర్రవాణ్ణి వదిలిపెట్టలేదు. ధ్రువీకరణ పత్రాలు మద్రాసు పోవాలి. మంచి ఇంగ్లీషులో, మంచి దస్తూరీలో ఉండాలి. జాబితాలో ఉన్న పట్టభద్రులలో అటువంటి ఇంగ్లీషు రాయగలవాడు లేడు. కృపావరాన్ని పిలిపించి దినకూలీ మీద ఆ పని ఇచ్చారు. సమితిలో మొదటి నియామకం అతనిదే.

అతను వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. వాళ్ళమ్మకు ఆ నెలంతా జ్వరమట. వరండా చివర ఒక బల్ల వేశారు. తలవంచుకుని రాసేవాడు. ఒక్కొక్కరూ వచ్చి ఎదురుగా కూర్చుని పేరు, తండ్రి పేరు చెప్పేవారు. ఏ సంవత్సరం పాసయ్యారని అడిగితే కొందరు గుమాస్తా వైపు చూసేవారు. రాసినదాన్ని అధ్యక్షుల దగ్గరికి పంపితే సంతకం పెట్టేవారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పదకొండు పూర్తయ్యాయి. ఒకసారి నేను పక్కనుంచి పోతుంటే, నాతో కాదన్నట్టుగా, చదివిందంతా నాలోనే ఉంటది, కాగితమే గదా పోయేదనుకున్నానండి అన్నాడు. తరవాత కలం సిరాలో ముంచుకున్నాడు.

పన్నెండో చోటు ఖాళీగా ఉంది. సమితి చేసే సేవలు ప్రజలకు తెలియజెప్పడానికి ప్రచార సూపర్‌వైజరు ఒకడు కావాలని అంకారావు గారు అన్నారు. అటువంటి పనికి పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు కావాలన్నారు. నెల జీతం, మూడేళ్ళలో ప్రమోషను, ఆ తరవాత పెన్షను. ఇటువంటి విషయాల్లో పెద్దల మాట తీసివేయకూడదు.

నేను వెళ్ళి కృపావరం ఎదురుగా కూర్చున్నాను. అతను తల ఎత్తి నన్ను చూశాడు. కొత్త కాగితం తీసి, అంచులు సరిచేసి, నా పేరు అడగకుండానే రాశాడు. మా నాన్న పేరు మాత్రం అడిగాడు.

"గ్రూపు ఏం రాయమంటారండీ?"

నీది ఏమిటని అడిగాను.

"చరిత్ర, అర్థశాస్త్రం. సెకండు క్లాసు."

అదే రాయమన్నాను.

రాశాడు. ఎక్కడా కొట్టివేత లేదు. సిరా ఆరేదాకా మెల్లగా ఊది, రెండు చేతులతో నా ముందుకు జరిపి, ఒకసారి చదువుకోండి, తప్పులుంటే దిద్దుతానన్నాడు.

అది ఇంగ్లీషులో ఉంది; నాకు వచ్చింది అక్షరాల వరకే. చాలాసేపు చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పాను.